కమ్లీ గుంపు లంగాల సంచి

కమ్లీ గుంపు దిగిన మడి గట్టున గొడుగు పట్టుకుని నిలబడి అజమాయిషీ చేయాల్సిన పని ఏ రైతుకూ పడలేదు. జఫర్‌గఢ్ పక్కనున్న తండా నుంచి రేగొండ పొలాల దాకా ఈ మాట అందరికీ తెలుసు. తెలియనివాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్లకు కమ్లీయే చెబుతుంది. సొంత డబ్బా కొట్టుకోకూడదంటారు గానీ, రోజంతా నడుం వంచి నాటు వేసిన మనిషి తన సంగతి తాను చెప్పుకోకపోతే కుర్చీలో కూర్చున్నవాడు వచ్చి చెబుతాడా? పన్నెండు మంది ఆడవాళ్లు మునుం పట్టి, అంటే ఒక్క వరసగా నిలబడి, బురదలోకి దిగితే పొద్దుగూకేలోపు ఎకరన్నర పచ్చబడుతుంది. ఆ మునుం ముందర నిలబడేది కమ్లీ. ఆమె చెయ్యి ఎంత వేగంగా ఆడితే వరసంతా అంత వేగంగా కదులుతుంది.

పుట్టింది మానుకోట వైపు తండాలో. పదిహేడో ఏట రెడ్యాను చేసుకుని ఇటు వచ్చింది. అత్త తుల్సీబాయి వెంట మొదటిసారి మడిలోకి దిగిన రోజున ఆమె నాటిన నారు మధ్యాహ్నానికల్లా నీళ్ల మీద తేలింది. తుల్సీబాయి తిట్టలేదు. తేలిన పోచలన్నీ ఏరి కోడలి చేతిలో పెట్టి, "మళ్లా" అంది. ఆ రోజు ఆ మాట ఏడుసార్లు విన్నది కమ్లీ. ఇప్పుడు ఆమెకు నలభై నాలుగేళ్లు. రెడ్యా ట్రాక్టరు నడుపుతాడు. ఎనిమిదేళ్లుగా ఆమె గుంపుకు పెద్ద. గుంపులో పదకొండు మంది తండావాళ్లే. ఒక్క సోమక్క మాత్రం పక్క ఊరి మనిషి. తండావాళ్లు తమలో తాము లంబాడీ మాట్లాడుకున్నా, సోమక్కకు అర్థం కావాలని పొలంలో అందరూ తెలుగే మాట్లాడతారు. సోమక్క నోరు ఎలాంటిదో తెలిసినవాళ్లు ఆమెకు అర్థం కాకుండా మాట్లాడే ధైర్యం చేయరు కూడా.

అయితే కమ్లీ గర్వమంతా నాట్ల మీద కాదు, ఒక సంచి మీద ఉండేది.

నాటు వేసే ఆడవాళ్ల కష్టం చూసేవాళ్లకు నడుంలో కనిపిస్తుంది గానీ, అసలు కష్టం తడిలో ఉంటుంది. చీర గోచీ పోసి దిగినా గంటలోపే నడుం దాకా నానిపోతుంది. పొద్దంతా ఆ తడి బట్టే. సాయంత్రం ట్రాలీ ఆటోలో గాలికి వణుకుతూ ఇల్లు చేరేదాకా అదే బట్ట. కరోనా తగ్గిన మరుసటి ఏడు సోమక్క అలా నానీ నానీ జ్వరంతో తొమ్మిది రోజులు పడుకుంది. అప్పుడు కమ్లీ జనగామ వెళ్లి, ముదురెరుపు గుడ్డ ఒక తాను తెచ్చి, ఒకే కొలతతో ఇరవై నాలుగు లంగాలు కుట్టించింది. యూరియా సంచి ఒకటి కడిగి ఆరబెట్టి అందులో పెట్టింది. పని కాగానే ఇద్దరు చీర అడ్డం పట్టుకుంటారు. ఒక్కొక్కరే వెళ్లి తడి లంగా విడిచి, సంచిలోంచి పొడిది తీసి కట్టుకుంటారు. విడిచిన పన్నెండూ రోజుకొకరు వంతుగా ఉతుకుతారు. ఎవరిదేది అన్న లెక్క లేదు. చేతికి ఏది వస్తే అది. అన్నీ గుంపువే.

రేగొండలో ఏటా వాళ్లను పిలిపించే రైతు జగన్మోహన్ రెడ్డి భార్య సరోజన ఆ సంచిని చూసి, "తెలివిగల్లదానివే కమ్లీ!" అంది. ఆ ముక్క కమ్లీ ఇంటికొచ్చి రెడ్యాకు మూడుసార్లు చెప్పింది. మరో రెండు తండాల గుంపులు వచ్చి సంచి పద్ధతి అడిగి వెళ్లాయి.

మెచ్చనిది ఒక్క తుల్సీబాయి. అరవై ఆరేళ్లొచ్చినా ఆమె గుంపుతోనే వస్తుంది, నారు కట్టలు అందిస్తూ అదే బురదలో తిరుగుతుంది. చీరకు మారలేదు, పాతకాలపు బరువైన అద్దాల అంచు పేటియా అనే పావడాయే కడుతుంది.

"ఇంకొకదాని లంగా నేను కట్ట" అంది సంచి చూసిన రోజునే.

ముసలివాళ్లకు కొత్తది ఏదీ పొసగదని కమ్లీ మూతి తిప్పుకుంది. ఆ మూతి తిప్పడం ఎంత ఖరీదైందో మూడేళ్లకు గానీ తెలియలేదు.

సంచి వచ్చిన రెండో ఏడు వానాకాలంలో దురద మొదలైంది. ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పరు. గజ్జల్లో. మొదట రూపాయి బిళ్లంత ఎర్రని మచ్చ, తర్వాత అంచు లేచిన చక్రం, ఆ చక్రం తొడ మీదికి పాకడం. మడిలో చేతులు బురదలో ఉంటాయి, గోకలేరు. గట్టు మీద మగవాళ్లుంటారు, గోకలేరు. రాత్రి పక్కన పిల్లలుంటారు, అప్పుడూ గోకలేరు. చెప్తే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది అనేది ఇలాంటి దాన్ని చూసే పుట్టి ఉంటుంది. కమ్లీ మూడు నెలలు నోరు మూసుకుంది. ఒకరోజు నీళ్ల తొట్టి వెనక్కి వెళితే అక్కడ సోమక్క గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని గోక్కుంటోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నీకు గూడనా?" అంది సోమక్క.

"నాకు గూడ" అంది కమ్లీ.

ఆ వారంలోనే తేలింది, గుంపులో పన్నెండు మందికీ ఉంది. ఇక కారణం వెతకడం మొదలైంది. ఒంట్లో వేడి అన్నారు, సబ్జా గింజలు నానబెట్టి తాగారు. వంకాయ అన్నారు, కమ్లీ ప్రాణం పెట్టే వంకాయ కూర ఆనాటి నుంచి ఆమె కంచంలోకి రాలేదు. మడిలో చల్లిన యూరియా నీళ్లు పడలేదన్నారు. శీత్లా భవానీకి మొక్కు బాకీ ఉందన్నారు, అదీ తీర్చారు. వేపాకు నూరి పూస్తే ఆ పూట చల్లగా ఉండి మర్నాడు మామూలే. రెడ్యాకూ అంటుకుంది. అతను ట్రాక్టరు సీటు వేడివల్ల అని తేల్చుకుని సీటు మీద గోనెపట్టా పరిచాడు.

అప్పుడే బండి మీద తండాలు తిరిగే డాక్టరొకాయన ఒక ట్యూబు ఇచ్చాడు. అది పూస్తే మూడు రోజుల్లో మచ్చ మాయం! పన్నెండు మందీ తెప్పించుకున్నారు. ఆయన్ను దేవుడన్నారు. పదిహేను రోజులకు మచ్చ తిరిగొచ్చింది, ఈసారి అరచేతి వెడల్పున. మళ్లీ ట్యూబు, మళ్లీ మాయం, మళ్లీ ఇంకాస్త పెద్దది. చివరికి చర్మం ఉల్లిపొరలా పలచబడి, లంగా తగిలినా మండేది. నాటు వేగం తగ్గింది. ఎకరన్నర కాస్తా ఎకరమైంది.

సరోజన అది గమనించింది. "ఏందే కమ్లీ, మీ చేతులు గిట్ల నెమ్మదైనయి? వచ్చే ఏడు బీహారోళ్లను పిలుద్దామంటున్నడు మా ఆయన" అంది. తిట్టు కాదు, ఉన్నమాట. కానీ కమ్లీ ఆ రోజు సద్ది మూట విప్పలేదు.

మనిషికి కారణం దొరకకపోతే మనిషే కారణమవుతాడు. గుంపులో అందరికంటే చిన్నది సుజాత, ఇరవై ఆరేళ్ల పిల్ల. దురద మొదలైన ఏడాదే గుంపులో చేరింది. దాని మొగుడు శివాజీ లారీ మీద నాగపూర్, రాయపూర్ తిరుగుతాడు. ఇంకేం కావాలి?

"లారీ డ్రైవర్లు ఊకె వస్తరా ఇంటికి? ఏదో ఒకటి తెస్తరు" అంది సోమక్క ఒక మధ్యాహ్నం, సుజాత వినేలాగే.

ఆ పిల్ల ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. ఎవరూ కాదనలేదు. మర్నాటి నుంచి దాని గిన్నెలోంచి పచ్చడి ఎవరూ తీసుకోలేదు. ఆ మాట నడిచి నడిచి తండాలో దాని అత్త చెవిన పడింది.

యాసంగి నాట్లకు ముందు కమ్లీ దాని ఇంటికి వెళ్లి వాకిట్లోనే నిలబడి చెప్పింది. "ఈ పంటకు రాకు బిడ్డా. అందరు గొణుగుతున్నరు. గుంపు చెదిరిపోతది."

"నువ్వు గూడ గదే అనుకుంటున్నవా అక్కా?" అని అడిగింది సుజాత.

కమ్లీ కొంగు సర్దుకుని వెనుదిరిగింది. అదే జవాబని ఆమెకూ తెలుసు. గుంపు కోసం చేశానని తనకు తాను చెప్పుకుంది, ఒకటికి పదిసార్లు. నిజమైన మాటను పదిసార్లు చెప్పుకోవాల్సిన అవసరం ఉండదు.

సుజాత లేకుండానే యాసంగి నాట్లు అయ్యాయి. ఆమె చోట వేరే మనిషి వచ్చింది. దురద మాత్రం తగ్గలేదు. ఎండాకాలం వచ్చేసరికి కమ్లీకి నడవడమే కష్టమైంది. జనగామ దవాఖానకు పోతే వరసలో తెలిసినవాళ్లు ఎదురవుతారని భయం. చెల్లెలు జమ్లీ మానుకోటలో ఉంటుంది కాబట్టి చెల్లెల్ని చూసే వంకతో రెడ్యాను తీసుకుని అక్కడి దవాఖానకు వెళ్లింది. చర్మాల డాక్టరమ్మ పేరు సంధ్య. చిన్న మనిషి, మాట మెత్తన.

"ఎన్ని రోజుల నుంచి అక్కా?"

"రెండేండ్లు కావస్తుంది మేడం."

"ఏం పూసినవ్?"

కమ్లీ కొంగు ముడిలోంచి చుట్టలు తిరిగిపోయిన ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది.

"ఇది నిప్పు మీద దుప్పటి కప్పినట్టు. పైకి ఆరినట్టుంటది, లోపల పాకుతనే ఉంటది. ఇయ్యాల్టి నుంచి ముట్టుకోకు. ఇది తామర. వంకాయ తిని రాలే, రక్తం చెడి రాలే. కంటికి కనబడని బూజు. తడి దొరికితే, చీకటి దొరికితే పెరుగుతది."

కమ్లీ గొంతు తగ్గించింది. "మేడం, గిది... మగోళ్లు బయట తిరిగి తెచ్చే రోగమేనా?"

"అట్లనే రావాల్నని లేదు. తువ్వాల, లుంగీ, దుప్పటి, ఒకరి బట్ట ఇంకొకరు కట్టుకుంటే చాలు. మీ ఇంట్ల ఎవరెవరికి ఉంది?"

"నాకు, మా ఆయనకు. మా అత్తకు లేదు."

"ఒకరి బట్టలు ఒకరు వాడుతరా?"

కమ్లీకి రోషం వచ్చింది. "మాది గట్లాంటి ఇల్లు కాదు మేడం. ఎవలది వాళ్లదే" అంది. ఆ నిమిషంలో ఆమెకు సంచి గుర్తే రాలేదు. అదేమన్నా ఇంటి బట్టనా? అది పని సామాను. కొడవలి, నారు తట్టల వంటిది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

డాక్టరమ్మ గోలీలు, పూతమందు రాసిచ్చింది. తగ్గినట్టు కనిపించినా తాను ఆపమనేదాకా ఆపొద్దంది. బట్టలు వేడినీళ్లలో ఉతికి, తిరగేసి, బాగా ఎండలో ఆరేయమంది. ఒంటి మీద తడి లేకుండా తుడుచుకోమంది. కమ్లీ చదువుకోలేదు గానీ ఒకసారి విన్నది మరచిపోదు. గోలీ వేసుకున్న ప్రతి రోజుకూ తడికకు ఒక పుల్ల గుచ్చింది. రెడ్యా చేత కూడా మింగించింది. నలభై పుల్లలు దాటాక డాక్టరమ్మ చూసి ఇక చాలంది. గజ్జల్లో నల్లని మరక తప్ప ఏమీ మిగల్లేదు. కమ్లీ ఊరుకోలేదు, గుంపులో అందరినీ వెంటపడి దవాఖానలకు పంపింది. రోహిణి కార్తె నాటికి పన్నెండు మందీ హాయిగా నిద్రపోతున్నారు. ఆ రోజు కమ్లీ రెండేళ్ల తర్వాత గుత్తి వంకాయ కూర వండుకుని తింది.

"సుజాత పోయింది, రోగం పోయింది" అంది సోమక్క. కమ్లీ ఆ మాట విని ఊరుకుంది.

వానలు పడ్డాయి. గుంపు రేగొండ వెళ్లి ఎప్పటిలాగే సరోజన వాళ్ల పాత పత్తి గోదాములో దిగింది. అటకెక్కిన సంచి కిందికి దిగింది. కమ్లీ మునుం ముందర నిలబడితే మొదటి రోజు ఎకరం ముప్పావు నాటారు. సరోజన గట్టు మీదికొచ్చి చూసి, బీహారు మాట మళ్లీ ఎత్తలేదు. కమ్లీ గాలిలో తేలింది.

పన్నెండో రోజున, మడిలో వంగి ఉండగా, కుడి గజ్జలో చీమ పాకినట్టయింది. ఆమె చెయ్యి ఆగింది. వరసంతా ఆగింది. ఏమీ కాదని మళ్లీ వంగింది గానీ ఆ రోజంతా ఆమెకు బురద తప్ప ఏమీ కనిపించలేదు. సాయంత్రానికి సోమక్క పక్కకొచ్చి గుసగుసలాడింది, మరో ముగ్గురికి కూడా మొదలైందట.

మర్నాడు వాన తెరిపిచ్చి ఎండ కాసింది. గోదాములో తాళ్ల మీద ఎర్ర లంగాలు వేలాడుతున్నాయి, వాటి మీద చీరలు కప్పి ఉన్నాయి. వచ్చేపోయే మగవాళ్లకు ఆడవాళ్ల లోబట్టలు కనిపించకూడదు కదా. కమ్లీ ఒకటి ముట్టుకుంది. రాత్రి ఉతికింది, ఇంకా చెమ్మగానే ఉంది. బొందు ఎవరో మూడు ముళ్లు వేసి ఉంచారు. కమ్లీ ఎప్పుడూ ఒక్క ముడే వేస్తుంది. మూడు ముళ్లు వేసేది సోమక్క.

గోదాము తలుపు బయట తుల్సీబాయి తన పేటియా ఉతుక్కుని, నలుగురూ నడిచే దారిపక్క ముళ్లకంచె మీద పరుస్తోంది. సిగ్గూ లేదు, చాటూ లేదు. అద్దాలు ఎండకు మెరుస్తున్నాయి. కమ్లీ గడపలోనే నిలబడిపోయింది.

అత్త అదే బురదలో తిరుగుతుంది. అదే ఇంట్లో ఉంటుంది. వంకాయ మానమంటే ఆమె ఒక్కతే మానలేదు. ఆమెకు మాత్రం రాలేదు. సుజాత లేదు, అయినా వచ్చింది. ఇంటి దగ్గరున్నన్నాళ్లూ పోయింది, సంచి దిగగానే వచ్చింది. ఒకరి బట్ట ఇంకొకరు కట్టుకుంటే చాలు అంది డాక్టరమ్మ. పన్నెండు మంది బట్ట పన్నెండు మంది కట్టుకుంటున్నారు, మూడేళ్లుగా. కట్టించింది తాను.

కమ్లీ లంగాల మధ్య నేల మీద కూలబడింది. ఆమెకు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. ఒళ్లంతా సిగ్గు. సరోజన మెచ్చుకున్న తెలివి ఇదా? పక్క తండాలకు తాను నేర్పిందిదా? ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. సంచిని ఎలుకలు కొట్టాయని చెప్పి ఇవాళే పారేస్తే చాలు. రేపటి నుంచి ఎవరి బట్ట వాళ్లు తెచ్చుకోండి అంటే అయిపోతుంది. ఎవరికీ తెలియదు. గుంపు బాగుపడుతుంది, తన పేరూ నిలుస్తుంది. ఒక్క సుజాత మీది మాట మాత్రం అలాగే ఉండిపోతుంది.

తుల్సీబాయి లోపలికొచ్చి కోడలి ముఖం చూసింది. కమ్లీ అంతా చెప్పింది. ముసలామె నేనప్పుడే అన్నాను కదా అనలేదు. చేతిలో ఉన్న తడి గుడ్డ పిండి, దులిపి, "మళ్లా" అంది.

ఆ మధ్యాహ్నం సద్దుల దగ్గర, ఇంకా ఎవరూ మూటలు విప్పకముందే, కమ్లీ గట్టు మీద లేచి నిలబడింది.

"ఒక మాట చెప్త, మధ్యల ఆపకుండ్రి. రోగం సుజాత తేలే. నా సంచి తెచ్చింది. ముందుగల్ల ఎవలకున్నదో మనకు తెల్వదు, నాకే ఉండెనేమో. గా ఒక్కదాన్ని పన్నెండు మందికి పంచింది నా సంచి. మా అత్త సంచి ముట్టలే, గామెకు రాలే. సుజాతను నేనే ఎల్లగొట్టిన. తప్పు నాది."

ముందు సోమక్కే అందుకుంది. "గట్లనకు కమ్లీ. నాకు జరమొస్తే నా కోసం తెచ్చినవ్ గా సంచిని. మంచి చెయ్యబోయినవ్. గిదంతా ఎందుకు నెత్తికెత్తుకుంటున్నవ్?"

ఆ మాట పట్టుకుని దిగిపోవచ్చు. కమ్లీ దిగలేదు.

"మంచి చెయ్యబోయిన, చెడ్డయింది. రెండూ నావే" అంది. "రేపు పొద్దున తండాకు పోతున్న, సుజాత దగ్గరికి. మునుం ముందర మా అత్త నిలబడి చూస్కుంటది. నేను వచ్చేసరికి నన్ను పెద్దగ వద్దనుకుంటే చెప్పుండ్రి, కడకు నిలబడి నాటేస్త."

సోమక్క తన గాజులు వెనక్కి తోసుకుని లేచింది. తర్వాత, "లారీ డ్రైవర్ల మాట అన్నది నేను. నేను గూడ వస్త" అంది.

నాట్ల రోజుల్లో కమ్లీ మడి విడిచి పోవడం ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. బస్సులు మారి ఇద్దరూ తండా చేరేసరికి పొద్దు నెత్తి మీదికొచ్చింది. సుజాత అత్త వాకిట్లో బియ్యం చెరుగుతోంది. అటూ ఇటూ ఇళ్ల అరుగుల మీద ఆడవాళ్లున్నారు. ఆర్నెల్ల కిందట మెల్లగా చెప్పి వెళ్లిన చోటే కమ్లీ ఈసారి నిలబడి, నాలుగిళ్లకు వినిపించేలా చెప్పింది, గట్టు మీద చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క తగ్గించకుండా. తండా భాషలో చెప్పింది కాబట్టి సోమక్కకు మాటలు అర్థం కాలేదు గానీ సంగతి అర్థమైంది. ఆమె తన వంతు తెలుగులో చెప్పింది. సుజాత అత్త చేతిలో చాట ఆగిపోయింది.

సుజాత గుమ్మంలో నిలబడి అంతా విన్నది. దానికి ఎప్పుడో తగ్గిపోయిందట. గుంపు మానేశాక ఒక్కతే జనగామ దవాఖానకు వెళ్లి మందు తెచ్చుకుంది, మళ్లీ రాలేదు.

"గీ మాట చెప్పెటందుకు ఆర్నెల్లు పట్టిందా అక్కా?" అంది.

"పట్టింది" అంది కమ్లీ. సాకులు చెప్పలేదు.

సుజాత లోపలికి వెళ్లిపోయింది. కమ్లీ ఎండలో నిలబడే ఉంది. సోమక్క కొంగు లాగి పోదామంది, ఆమె కదల్లేదు. చాలాసేపటికి సుజాత ఒక బట్టల మూటతో బయటికొచ్చింది. మూట మీద మడత పెట్టిన ఆకుపచ్చ లంగా ఉంది, దాని నడుం పట్టీ మీద గవ్వంత చోట ఎర్ర దారంతో కుట్టు పువ్వు.

"నాది నేనే తెచ్చుకుంటున్న. ఎవలదీ కట్ట" అంది. "పా, బస్సు పోతది."

కమ్లీకి కళ్లు నిండాయి. తుడుచుకోకుండానే ముందు నడిచింది.

ఆ సాయంత్రం రేగొండలో సరోజనను అడిగి వడ్లు ఉడకబెట్టే పెద్ద గుండిగ తెచ్చి ఎర్ర లంగాలన్నీ సలసల కాగే నీళ్లలో వేశారు. మనిషికి రెండు చొప్పున పంచుకున్నారు. సుజాత లంగా చూసి ఎవరి గుర్తు వాళ్లు కుట్టుకున్నారు. ఒకరిది చేప, ఒకరిది నెలవంక, ఒకరిది అద్దం బిళ్ల. సోమక్కకు ఆ కుట్టు రాదు, తుల్సీబాయే ఆమెకు తేలు బొమ్మ కుట్టిపెట్టింది. ఎందుకు తేలే అని సోమక్క అడిగితే అందరూ పడిపడి నవ్వారు. యూరియా సంచి చెత్తకుప్ప మీదికి పోయింది. దురద తిరగబెట్టినవాళ్లు వాన రోజు చూసుకుని పరకాల దవాఖానకు వెళ్లి మందులు తెచ్చుకున్నారు. సంచి పద్ధతి నేర్చుకున్న రెండు గుంపులకూ కమ్లీ కబురు పంపింది, మానేయండి, తప్పు నాదేనని.

ఆ తర్వాత ఎండ కాసిన మొదటి రోజున గోదాము ముందు, రోడ్డుకు కనిపించేలా, ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి తీగ కట్టి లంగాలన్నీ తిరగేసి ఆరేశారు. చివర తుల్సీబాయి పేటియా. సరోజన గబగబా వచ్చింది.

"అయ్యో కమ్లీ, అందరు చూస్తున్నరు గదనే! జర లోపల ఆరేసుకోరాదు?"

"లోపలికి ఎండ రాదు గదమ్మా" అంది కమ్లీ.

సరోజన తీగ పొడవునా ఒకసారి చూసింది. తర్వాత ఆమె ఇంటి దండెం మీద కూడా చీరల కప్పులు లేచిపోయాయని పనిమనిషి చెప్పింది.

అంతకుముందే, సుజాత వచ్చిన మర్నాటి పొద్దున, గుంపు మడి దగ్గరికి చేరింది. కమ్లీని పెద్దగా వద్దని ఎవరూ అనలేదు. అందరూ ఆమె దిగాలని చూస్తూ గట్టు మీద నిలబడ్డారు. కమ్లీ చీర గోచీ పోసుకుని, నారు కట్ట ఒకటి అందుకుని, దాన్ని సుజాత చేతిలో పెట్టింది.

"మునుం ముందర నువ్వు నిలబడు" అంది.

సుజాత ఆమె ముఖంలోకి చూసింది. వద్దనలేదు. మడిలోకి దిగి, నడుం వంచి, మొదటి నారు పోచ నాటింది. కమ్లీ వెళ్లి వరసకు కడగా, సోమక్క పక్కన నిలబడి వంగింది. ఆ పిల్ల చెయ్యి చాలా వేగం. ఆ రోజు పొద్దుగూకేసరికి ఎకరం ముప్పావు దాటింది. అందుకోలేక ఆయాసపడుతూనే కమ్లీ ఆ లెక్క రేగొండ అంతా చెప్పుకుంది.